రాయి దొరికాకే చేపకు కోపం: ఉప్పునీటి అక్వేరియంలో అపోహలు – వాస్తవాలు

విశాఖలో ఇళ్లలో, క్లినిక్‌లలో, హోటల్ లాబీల్లో ఉప్పునీటి అక్వేరియంలు పెట్టి వాటి బాగోగులు చూసే పని నాది. మొదలుపెట్టి పదిహేనేళ్లు దాటింది. నాకొచ్చే ఫోన్లలో సగం రెండు మాటల్లోనే ఉంటాయి. ఒకటి, "పాత చేప కొత్తదాన్ని బతకనివ్వడం లేదు సార్". రెండోది, "నిన్న వేసిన చేప ఇవాళ కనిపించడం లేదు". ఈ రెండింటి వెనుకా అవే అపోహలు మళ్లీ మళ్లీ కనిపిస్తున్నాయి.

అపోహ: షాపులో గొడవ పడలేదు కాబట్టి ఇంట్లోనూ పడదు.

షాపు ట్యాంకు ఉత్త గాజు తొట్టె. రాయి ఉండదు, సందు ఉండదు, నాదని కాపాడుకోవడానికి ఏమీ ఉండదు. పైగా చేప దూరం నుంచి సంచిలో వచ్చి బెదిరిపోయి ఉంటుంది. ఈ సంగతి నాకు బాగా తెలిసొచ్చింది హుద్‌హుద్ అప్పుడు. 2014 అక్టోబర్ 12న తుపాను తీరం దాటాక రోజుల తరబడి కరెంటు లేదు. మూడిళ్ల చేపల్ని ఒకే పెద్ద ప్లాస్టిక్ డ్రమ్ములో వేసి, బ్యాటరీ ఎయిర్ పంపు పెట్టి, పక్కనే కూర్చున్నాను. పౌడర్ బ్లూ టాంగ్ అనే నీలి చేప, రెండు డొమినో డామ్‌సెల్‌లు (చిన్నవే కానీ దూకుడు చేపలు), క్లౌన్‌ఫిష్ జంట, అన్నీ ఒకదానికొకటి రాసుకుంటూ తిరిగాయి. ఒక్కటీ కాటు వేయలేదు. కరెంటు వచ్చి డామ్‌సెల్‌లను వాటి ట్యాంకులో వేసిన మూడో రోజే అందులో ఒకటి పక్క చేప తోక చీల్చింది. చేప అదే, కానీ దాని రాయి దానికి మళ్లీ దొరికింది. అప్పటి నుంచి ఎవరు ఫోన్ చేసినా నా మొదటి ప్రశ్న ఒక్కటే: ట్యాంకులో ఎన్ని రాళ్లున్నాయి, ఏ రాయి దగ్గర ఎవరున్నారు?

అపోహ: గట్టి చేపల్ని ముందు వేయాలి, సున్నితమైనవి తర్వాత.

ఎక్కువ చేపలు పోతున్నది ఈ సలహా వల్లే. కొత్త ట్యాంకులో చేపల వ్యర్థాల నుంచి వచ్చే విషపు అమ్మోనియాను నైట్రైట్‌గా, నైట్రైట్‌ను నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా పెరగడానికి సాధారణంగా 4 నుంచి 6 వారాలు పడుతుంది. ఆ సమయాన్ని తట్టుకుంటాయని, ధర కూడా తక్కువని డామ్‌సెల్‌లను వేసేవారు. తట్టుకుంటాయి, నిజమే. కానీ ఆ 6 వారాల్లో ట్యాంకు మొత్తం వాటి సొంతమవుతుంది. తర్వాత వచ్చిన ప్రతి చేపా వాటికి ఇంట్లో చొరబడ్డ దొంగే. బ్యాక్టీరియాను పెంచడానికి చేప అవసరమే లేదు. చుక్కలు చుక్కలుగా అమ్మోనియా ద్రావణం వేసినా, ఒక రొయ్య ముక్క వేసి కుళ్లనిచ్చినా సరిపోతుంది.

వరుస తిరగేయండి. ముందు ఫైర్‌ఫిష్, గోబీ, కార్డినల్ లాంటి బెరుకువి. అవి సందులు చూసుకుని, మేతకు అలవాటు పడ్డాక క్లౌన్‌లు. టాంగ్, డామ్‌సెల్ అన్నిటికంటే చివర. ఒకే ఆకారం, ఒకే రంగు, ఒకే తిండి ఉన్న రెండు చేపలకు, జంట అయితే తప్ప, ఒకదానికొకటి పడదు. టాంగ్‌కు తోక మొదట్లో కత్తిలాంటి ముల్లు ఉంటుంది. ఇరుకు ట్యాంకులో రెండు టాంగ్‌లు కలిస్తే దాంతోనే కోసుకుంటాయి.

అపోహ: రాళ్ల వెనుక దాక్కుంటే జబ్బు చేసినట్టే.

మధురవాడలో ఒక పాప నాకు వీడియో పంపింది. "అంకుల్, నా గోబీ చచ్చిపోతుందా?" గోబీ రాతి కింద నుంచి తల మాత్రం బయటపెట్టి చూస్తోంది. అది పూర్తి ఆరోగ్యంగా ఉన్న గోబీ. కొత్త చేప వారం, పది రోజులు బయటికి రాకపోవడం మామూలే. మొదటి రెండు మూడు రోజులు తినకపోయినా టెన్షన్ పడొద్దు. రాళ్లు కదిపి వెతకడమే దానికి చేసే పెద్ద హాని.

భయపడాల్సింది వేరే చోట. చేప రాళ్లలో కాకుండా నీటి పైభాగాన ఏదో మూలలో, పంపు వెనుక ముడుచుకుని ఉంటే దాన్ని తరిమేశారని అర్థం. కింద దానికి చోటు దొరకలేదు. వాజాలు చిరిగి, మొప్పలు గబగబా కొట్టుకుంటుంటే ఆ రోజే వేరు చేయాలి. ఇలా నలిగిపోయిన చేపకే తెల్ల మచ్చల జబ్బు తేలిగ్గా అంటుకుంటుంది. మచ్చలకు మందు వేసి, తరిమే చేపను అలాగే ఉంచితే ఉపయోగం లేదు.

బెరుకు చేపకు మేత దాని గుమ్మం దగ్గరికే వెళ్లాలి. పంపు పది నిమిషాలు ఆపి, ముందు దూకుడు చేపలకు ఒక మూల మేత వేయండి. అవి అక్కడ మూగగానే పొడవాటి సిరంజితో సన్నగా తరిగిన రొయ్యను సందు ముందు వదలండి. హార్బర్ రొయ్యే వాడొచ్చు, కానీ పొట్టు తీసి, కడిగి, కొన్నాళ్లు ఫ్రీజర్‌లో ఉంచాకే.

అపోహ: క్లౌన్‌ఫిష్ శాంతమైనది, ఎన్నయినా వేయొచ్చు.

రెండు. అంతే. క్లౌన్‌లన్నీ మగవిగానే పెరుగుతాయి, గుంపులో పెద్దది ఆడదవుతుంది. ఆడది చనిపోతే దాని జత మగది ఆడదిగా మారుతుంది. పెద్ద ఆడవి రెండు ఒకే ట్యాంకులో ఉంటే చచ్చేదాకా కొట్టుకుంటాయి. అందుకే ఒకటి కాస్త పెద్దది, ఒకటి చిన్నది చూసి, పిల్లలుగా ఉన్నప్పుడే జంటగా కొనండి.

అపోహ: చేపలు ఎక్కువైతే దెబ్బలు పంచుకుంటాయి.

ఆఫ్రికా సిక్లిడ్‌లు పెంచిన వాళ్లు ఈ మంచినీటి చిట్కాను ఇక్కడికి తెస్తున్నారు. ఉప్పునీటిలో ఆక్సిజన్ మంచినీటికంటే సుమారు ఐదో వంతు తక్కువ నిలుస్తుంది. నీరు వేడెక్కితే ఇంకా తగ్గుతుంది, మన మే నెల సంగతి చెప్పక్కర్లేదు. ఉప్పునీటి ట్యాంకులో పీహెచ్ (నీటి క్షారగుణాన్ని చెప్పే కొలత) 8 దాటి ఉంటుంది, అలాంటి నీటిలో అమ్మోనియా విషం కూడా ఎక్కువ. గొడవ తగ్గొచ్చేమో గానీ ట్యాంకే పోతుంది.

అపోహ: ఒకసారి రౌడీ అయిన చేప ఇక మారదు.

చాలాసార్లు మారుతుంది. నేను చేసే పద్ధతి ఇది. రౌడీని పట్టి, చిల్లులున్న పారదర్శకమైన పెట్టెలో వేసి అదే ట్యాంకులో వేలాడదీస్తాను. ఐదారు రోజులు. ఈలోగా రెండు మూడు రాళ్ల చోటు మారుస్తాను. అన్నీ ఒకేసారి కదిపితే ఇసుకలోని మురికి లేచి నీరు పాడవుతుంది, కాబట్టి కొన్నే. లైట్లు ఆపాక వదిలితే, తెల్లారేసరికి దాని పాత రాజ్యం ఉండదు. టాంగ్‌లకైతే కొత్త చేప వచ్చిన రోజున ట్యాంకు బయట ఒక అద్దం ఆనించి పెడతాను. పాత టాంగ్ అద్దంలోని దాంతో తలపడుతూ కొత్తదాన్ని వదిలేస్తుంది. నాలుగైదు రోజులకు మించి అద్దం ఉంచొద్దు, పాత టాంగ్ కూడా అలసిపోతుంది.

అపోహ: మన బీచ్ రాళ్ల మధ్య దొరికే చేపపిల్లలు సాధువులు.

నీళ్లు తగ్గినప్పుడు రాతి గుంటల్లో నల్ల పట్టీల చేపపిల్లలు దొరుకుతాయి, పిల్లలు సీసాల్లో పట్టుకొస్తారు. అవి సార్జెంట్ మేజర్‌లు, డామ్‌సెల్ కుటుంబమే. వేలెడంత ఉన్నప్పుడు ముద్దుగా ఉంటాయి, జానెడు పెరిగాక ట్యాంకులో ఎవరినీ ఉండనివ్వవు. వాటిని గుంటలోనే వదిలేయించండి. సముద్ర గుర్రాన్ని మాత్రం అసలు అడగొద్దు. అది 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణలో ఉంది.

అపోహ: మూత అందానికే.

సీతమ్మధారలో ఒకాయన ఫైర్‌ఫిష్ కోసం వారం రోజులు రాళ్లలోకి టార్చి వేసి చూశారు. నేను స్టాండు జరిపితే వెనుక నేల మీద ఎండిపోయి దొరికింది. బెదిరిన ఫైర్‌ఫిష్‌కు సందు అందకపోతే పైకి ఎగురుతుంది. ఆ ఇంట్లో దాన్ని తరిమింది కొత్తగా వేసిన డామ్‌సెల్. ఇప్పుడు ఆయన ట్యాంకుపై 6 మిల్లీమీటర్ల కన్నాల నైలాన్ వల ఉంది, పంపు పైపు చుట్టూ ఉన్న సందుతో సహా మూసి.