ఏ దేశపు చట్టం? విదేశీ ప్రభుత్వాలపై దావాల్లో తేలని పేచీ

పరాయి ప్రభుత్వాన్ని అమెరికా కోర్టుకు ఈడ్చడం ఒకప్పుడు అయ్యే పని కాదు. 1812లో ఫిలడెల్ఫియా రేవులో ఆగిన ఫ్రెంచి యుద్ధనౌక తమదేనని పాత యజమానులు దావా వేస్తే, దాని జోలికి వెళ్లే అధికారం తమకు లేదని ప్రధాన న్యాయమూర్తి జాన్ మార్షల్ తేల్చేశారు. వ్యాపార లావాదేవీలకు ఈ రక్షణ వర్తించదని విదేశాంగ శాఖ 1952లో మెట్టు దిగింది. 1976లో అమెరికా చట్టసభ కాంగ్రెస్ ఏకంగా చట్టమే చేసింది. విదేశీ రాజ్యంపై దావా ఎప్పుడు చెల్లుతుందో అందులో వివరంగా ఉంది. చెల్లాక ఏ చట్టం ప్రకారం తీర్పు చెప్పాలన్నది మాత్రం సూటిగా లేదు. అదే పరిస్థితుల్లో ప్రైవేటు వ్యక్తికి ఎంత బాధ్యతో రాజ్యానికీ అంతే అని ఒక్క మాటతో సరిపెట్టారు.

ఆ లోటు ఎంత ఖరీదైనదో ఫ్రెంచి చిత్రకారుడు పిస్సారో గీసిన ఒక చిత్రం చూపించింది. వానలో తడిసిన పారిస్ వీధి దృశ్యమది. నాజీ జర్మనీ నుంచి బయటపడే అనుమతి కోసం 1939లో లిలీ కాసిరర్ అనే యూదు మహిళ దాన్ని వదులుకోవాల్సి వచ్చింది. చేతులు మారి మారి 1993లో అది స్పెయిన్ ప్రభుత్వ సంస్థ పరమై, మాడ్రిడ్ మ్యూజియానికి చేరింది. 2005లో ఆమె మనవడు కాలిఫోర్నియాలోని ఫెడరల్ కోర్టుకెక్కారు.

స్పెయిన్ చట్టం ప్రకారం యజమానిగా బహిరంగంగా ఆరేళ్లు అట్టిపెట్టుకుంటే వస్తువు సొంతమవుతుంది. కాలిఫోర్నియాలో దొంగసొత్తు ఎన్ని చేతులు మారినా కొన్నవారికి హక్కు రాదు. అంటే చట్టాన్ని ఎంచుకోవడంతోనే గెలుపు ఎవరిదో తేలిపోతుంది!

ఏ చట్టం వర్తించాలో తేల్చే నియమం ఫెడరల్ కోర్టులదే కావాలని కాలిఫోర్నియా కేసులు వినే ఫెడరల్ అప్పీలు కోర్టు పట్టుబట్టింది. ఈ ప్రశ్న ఎదురైన మిగతా అప్పీలు కోర్టులు దావా పడిన రాష్ట్రపు నియమాన్నే పాటించేవి. ప్రతివాది ప్రైవేటు మ్యూజియమైతే ఎలాగూ రాష్ట్ర నియమమే కదా, రాజ్యమైతే మాత్రం వేరే ఎందుకు? 2022లో సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా అన్నదీ ఇదే. తీర్పు రాసింది జస్టిస్ ఎలీనా కేగన్. 1976 నాటి ఆ ఒక్క మాటను శ్రద్ధగా చదివి ఉంటే ఇన్నేళ్లు పట్టేది కాదు.

అయినా కుటుంబానికి ఒరిగిందేమీ లేదు. ఏ చట్టమో తేల్చే కాలిఫోర్నియా నియమంతోనే తూచి చూసిన అప్పీలు కోర్టు, 2024 జనవరిలో మళ్లీ స్పెయిన్ చట్టం వైపే మొగ్గింది. దాంతో కాలిఫోర్నియా శాసనసభ రంగంలోకి దిగి, ఇలాంటి దావాల్లో తమ చట్టమే వర్తించాలని ఆ ఏడాదే శాసనం చేసింది. 2025 మార్చిలో సుప్రీంకోర్టు అప్పీలు కోర్టు తీర్పును పక్కనపెట్టి, కొత్త శాసనం వెలుగులో మళ్లీ విచారించమని కేసును అప్పీలు కోర్టుకే పంపింది.