గుత్త పనిలో తొందర, రోజు కూలిలో నింపాది

కోవూరు, విడవలూరు వైపు వరినాట్లు పడే రోజుల్లో రైతు రెండు రకాలుగా బేరం మాట్లాడుకోవచ్చు. రోజు కూలికి మనుషుల్ని పిలవడం ఒకటి, ఎకరానికి ఇంతని గుత్తకు ఇచ్చేయడం ఇంకొకటి. రోజు కూలైతే పొద్దు వాలినా మడి తెమలదు. గుత్తకిస్తే మధ్యాహ్నానికే నాట్లయిపోతాయి గానీ కుదుళ్లు ఎడమెడంగా పడతాయి. కాలాన్నిబట్టి చదరపు మీటరుకు 33 నుంచి 44 కుదుళ్లు ఉండాలని వ్యవసాయ నిపుణులు చెబుతారు. బురదలో దిగి లెక్కపెట్టే ఓపిక ఎవరికుంది? కోత మిషన్ దగ్గరా ఇదే గొడవ. గంటల లెక్కన మాట్లాడితే డ్రైవర్ మెల్లగా తోలుతున్నాడని అనుమానం, ఎకరాల లెక్కన మాట్లాడితే వెనకాల గింజ రాలిపోతోందని దిగులు.

"ఈ కాలం కూలోళ్లింతే" అనేసి ఊరుకుంటాం. కానీ అదే మేస్త్రి, అదే ముఠా ఈ మడిలో నింపాదిగా, పక్క మడిలో పరుగులు పెడుతూ నాటుతున్నారంటే తేడా మనుషుల్లో లేదు, కూలి కట్టే లెక్కలో ఉంది.

అమెరికాలో కార్ల అద్దాలు బిగించే సేఫ్‌లైట్ కంపెనీ 1994, 95ల్లో గంట జీతం తీసేసి అద్దానికి ఇంతని ఇవ్వడం మొదలుపెట్టింది. ఎడ్వర్డ్ లాజియర్ అనే ఆర్థికవేత్త ఆ కంపెనీ లెక్కలు తిరగేసి చూస్తే, మనిషికి పని సుమారు 44 శాతం పెరిగింది. అందులో దాదాపు సగం మాత్రమే ఉన్నవాళ్లు చురుగ్గా చేయడంవల్ల వచ్చింది. మిగతాదాంట్లో చేయి చురుకున్నవాళ్లు కొత్తగా వచ్చి చేరడం పెద్ద కారణం. గుత్త ముఠాలోకి వయసు మళ్లినవాళ్లను ఎందుకు రానివ్వరో దీన్నిబట్టి అర్థమవుతుంది.

మరి నాణ్యత? అద్దం సరిగ్గా కూర్చోకపోతే బిగించినవాడే తన సొంత టైంలో మళ్లీ బిగించాలి, కొత్త అద్దం ఖరీదూ అతనిదే. ఏ అద్దం ఎవరు బిగించారో తెలుసు కాబట్టి ఈ షరతు నడిచింది. నాట్ల సంగతి అలా కాదు. పలచగా నాటిన సంగతి దిగుబడి తగ్గాక గానీ దెబ్బ కొట్టదు. అప్పటికి నీరు, ఎరువు, దోమపోటు, తుఫాను అన్నీ ఆ పాపంలో వాటాదార్లు.

బెంగ్ట్ హోమ్‌స్ట్రామ్, పాల్ మిల్‌గ్రోమ్ అనే ఆర్థికవేత్తలు 1991లో ఈ చిక్కుకు లెక్కల రూపం ఇచ్చారు. ఒకే పనిలో కొలవగలిగేదీ, కొలవలేనిదీ రెండూ ఉన్నప్పుడు కొలిచేదానికే డబ్బు కడితే మనిషి రెండోదాన్ని వదిలేస్తాడు. అలాంటి చోట ఒక్కోసారి స్థిరమైన జీతమే మేలన్నది వాళ్లు తేల్చిన సంగతి. తర్వాత హోమ్‌స్ట్రామ్‌కు 2016లో, మిల్‌గ్రోమ్‌కు 2020లో అర్థశాస్త్ర నోబెల్ వచ్చింది.

ఈ లెక్కన రొయ్యల ప్లాంట్లలో తల తీసి పొట్టు వలిచే పనికి కిలోల కూలి నప్పుతుంది. తెగిన రొయ్య, నరం సరిగా తీయని రొయ్య టబ్బు దగ్గరే కనబడిపోతాయి. ఒంగోలు, కందుకూరు వైపు పొగాకు గ్రేడింగ్ వేరు. ఆకు రంగు, మచ్చ, పండిన తీరు చూసి విడదీయాలి. దానికి కిలోల లెక్క పెడితే కళ్లకంటే చేతులు ముందు పరుగెడతాయి. మంచాకులో మాడాకు కలిసిన బేలుకు వేలంలో ధర పడిపోతుంది, అందులో ఎవరి చెయ్యి ఉందో అప్పుడు చెప్పలేం. రోజు కూలి ఇచ్చి, ఆకు తెలిసిన మేస్త్రిని పక్కన కూర్చోబెట్టడమే నయమని నాకనిపిస్తుంది.

ఏసీ గదుల్లోనూ ఇదే వరస. అమెరికాలో వెల్స్ ఫార్గో బ్యాంకు సిబ్బంది టార్గెట్ల ఒత్తిడికి ఖాతాదారులకు తెలియకుండా లక్షల ఖాతాలు తెరిచారు. 2016లో 18.5 కోట్ల డాలర్ల జరిమానా పడింది. సుమారు 5,300 మందిని ఉద్యోగాల్లోంచి తీసేశామని బ్యాంకు చెప్పింది. టార్గెట్లు పెట్టినవాళ్ల మాటేమిటని అప్పుడే చాలామంది అడిగారు.

కూలి ఎలా కట్టారన్నదే కాదు, పక్కనోళ్లకెంత అన్నదీ పనిచేస్తుంది. ఒడిశాలో చిన్న తయారీ యూనిట్లలో ఎమిలీ బ్రెజా, సుప్రీత్ కౌర్, యోగితా శ్యామ్‌దాసాని చేసిన ప్రయోగం 2018లో అచ్చయింది. తోటివాళ్లకంటే తక్కువ కూలి పడినవాళ్ల పని తగ్గింది, పనికి రావడమూ తగ్గింది. పోగొట్టుకునేది సొంత కూలే అయినా మానేశారు. అయితే ఎవరెంత పని చేస్తున్నారో అందరికీ కంటికి కనిపించే చోట ఈ నష్టం లేదు. జీతాలు గుట్టుగా ఉంచితే గొడవలుండవని నమ్మే యజమానులు గమనించాల్సింది ఇది. తేడా ఎలాగూ తెలిసిపోతుంది, కారణం మాత్రం తెలియదు.

ఇక ముఠా తనకు తానే గీసుకునే గీత ఒకటుంది. షికాగో దగ్గర హాథార్న్ ఫ్యాక్టరీలో 1931, 32ల్లో టెలిఫోన్ పరికరాలకు వైర్లు బిగించే 14 మందిని పరిశోధకులు నెలల తరబడి గమనించారు. పని ఎక్కువైతే కూలీ ఎక్కువే. అయినా రోజుకు ఇంతే చాలని వాళ్లలో వాళ్లే ఒక కట్టుబాటు పెట్టుకున్నారు. దాటినవాడికి తోటివాళ్ల ఎగతాళి, భుజమ్మీద ఒక గుద్దు. ఎక్కువ చేసి చూపిస్తే రేటు కోస్తారని వాళ్ల భయం.

క్లీవ్‌లాండ్‌లోని లింకన్ ఎలక్ట్రిక్‌లో దీనికి విరుగుడుగా ఒక నియమం ఉండేది. కార్మికుడు బాగా సంపాదిస్తున్నాడన్న కారణంతో రేటు తగ్గించరు, యంత్రమో పద్ధతో మారితేనే మారుస్తారు. మన దగ్గర గోడకంటించే ఇన్సెంటివ్ చార్టుల్లో ఆ మాట అరుదు. ఈ ఏడాది టార్గెట్ దాటేస్తే వచ్చే ఏడాదికి దాన్ని పెంచుతారని సేల్స్ కుర్రాడికి బాగా తెలుసు. అందుకే మార్చి నెలాఖరులో చేతికొచ్చిన ఆర్డర్‌ను ఏప్రిల్లో రాస్తాడు.