కొత్త కారుకు ఏ ఇంజన్ ఆయిల్? మా షెడ్డుకు వచ్చే అపోహలు, వాటి వెనుక వాస్తవాలు

మొన్న గజపతినగరం నుంచి ఒక ఉపాధ్యాయుడు, ఏడాది నిండబోతున్న తన పెట్రోలు కారును మొదటి ఆయిల్ మార్పు కోసం మా షెడ్డుకు తీసుకువచ్చారు. వెనుక సీటులో ఒక ఆయిల్ డబ్బా కూడా ఉంది. డబ్బా మీద 20డబ్ల్యూ-50 అనీ, కారు మాన్యువల్‌లో 0డబ్ల్యూ-20 అనీ ఉన్నాయి. మాన్యువల్ తెరిచి చూపించినా ఆయన మనసు ఒప్పుకోలేదు. మా దగ్గరున్న 0డబ్ల్యూ-20 ఆయిల్‌ను ఒక చుక్క వేలి మీద వేయించుకుని, బొటనవేలితో రుద్ది చూసి, “ఇదేటి మేస్త్రీ, నీళ్లలాగున్నాది! మన ఎండలకి ఇది ఆగుద్దా?” అని అడిగారు.

విజయనగరంలో ఇరవై ఏళ్లకు పైగా కార్ల పని చేస్తున్న నాకు ఆ ప్రశ్న కొత్త కాదు. అంతకుముందు సాలూరులో లారీల దగ్గర పని నేర్చుకున్న రోజుల్లో నేను కూడా చిక్కటి ఆయిలే గట్టిదని నమ్మినవాణ్ణే. కాబట్టి ఈ అపోహల్లో కొన్నింటిని మెకానిక్కులమైన మేమే జనానికి నేర్పామని ముందుగా ఒప్పుకుంటున్నాను.

అపోహ: 0డబ్ల్యూ ఆయిళ్లు మంచు దేశాలకు, మన ఎండలకు చిక్కటి ఆయిల్ కావాలి.

డబ్బా మీద ఉండే ‘డబ్ల్యూ’ అక్షరం బరువుకు గుర్తు కాదు, చలికాలానికి గుర్తు. దాని ముందున్న అంకె, గడ్డకట్టే చలిలో ఇంజన్‌ను తిప్పగలిగేంత పల్చగా ఆయిల్ ఉంటుందా లేదా అన్నది చెబుతుంది. ఆ పరీక్షను 0డబ్ల్యూకు మైనస్ 35 డిగ్రీల సెల్సియస్ దగ్గర, 5డబ్ల్యూకు మైనస్ 30 దగ్గర, 15డబ్ల్యూకు మైనస్ 20 దగ్గర చేస్తారు. జనవరిలో అరకు చలి కూడా వీటి దరిదాపుల్లోకి రాదు కనుక, ఆ అంకె మనకు అనవసరమని అనుకోవడం సహజమే. అయితే వేడిలో ఆయిల్ ఎలా ఉంటుందన్నది ఆ అంకె చెప్పదు, డబ్ల్యూ తరువాత ఉన్న అంకె చెబుతుంది.

ఆ రెండో అంకెను 100 డిగ్రీల దగ్గర ఉన్న చిక్కదనాన్ని బట్టి నిర్ణయిస్తారు. 20 గ్రేడు ఆయిల్ ఆ వేడిలో 6.9 నుంచి 9.3 సెంటీస్టోకుల (చిక్కదనానికి కొలత) మధ్య ఉండాలి. 30 గ్రేడు 9.3 నుంచి 12.5 మధ్య, 50 గ్రేడు 16.3 నుంచి 21.9 మధ్య ఉండాలి. వంద డిగ్రీలనే ఎందుకు ఎంచుకున్నారంటే, వేడెక్కిన ఇంజన్‌లో ఆయిల్ ఇంచుమించు ఆ వేడి దగ్గరే పని చేస్తుంది. బయట మే నెల ఎండ 40 డిగ్రీలున్నా, సంక్రాంతి నాటి తెల్లవారుజాము 18 డిగ్రీలున్నా, థర్మోస్టాట్ ఇంజన్‌ను చల్లబరిచే కూలెంటును 90 డిగ్రీల దగ్గర నిలబెడుతుంది కనుక, లోపలి ఆయిల్‌కు ఆ రెండు రోజులకూ తేడా కొద్దిగానే తెలుస్తుంది. బోనెట్ మీద పడే ఎండకు భయపడి గ్రేడు మార్చడంలో అర్థం లేదనడానికి కారణం ఇదే.

అసలు ఇబ్బంది పొద్దుటే ఇంజన్ స్టార్టు చేసే సమయంలో ఉంది. మన మధ్యాహ్నపు వేడి అయిన 40 డిగ్రీల దగ్గరే సాధారణంగా 0డబ్ల్యూ-20 చిక్కదనం 45 సెంటీస్టోకుల ప్రాంతంలో ఉంటే, 20డబ్ల్యూ-50 చిక్కదనం 150 దాటి ఉంటుంది. తెల్లవారుజామున ఆ తేడా ఇంకా పెరుగుతుంది. అంటే చల్లటి ఇంజన్‌లో ఏ ఆయిలైనా అవసరానికి మించి చిక్కగానే ఉంటుంది తప్ప, పల్చగా ఉండదు. అటువంటప్పుడు మరీ చిక్కటి ఆయిల్ పోస్తే పంపు మీద ఒత్తిడి పెరిగి, రిలీఫ్ వాల్వు తెరుచుకుని, పైకి వెళ్లవలసిన ఆయిల్‌లో కొంత తిరిగి లోపలికే పోతుంది. ఆధునిక పెట్రోలు ఇంజన్లలో వాల్వుల టైమింగును మార్చే యంత్రాంగం కూడా సన్నటి దారుల గుండా వచ్చే ఈ ఆయిల్ ఒత్తిడితోనే నడుస్తుంది కనుక, అది మందకొడిగా స్పందిస్తుంది. మైలేజీ తగ్గుతుందని వేరే చెప్పనక్కరలేదు. ఒక్కసారి 20డబ్ల్యూ-50 పోసినంత మాత్రాన ఇంజన్ పట్టేస్తుందని నేను అనను. తయారుచేసినవారు అనుకున్న తీరులో అది నడవదని మాత్రం అంటాను. ముప్పై డిగ్రీల వేడిలో, రెండు వేళ్ల మధ్య చేసే పరీక్షలో ఇవేవీ తెలియవు.

చిక్కటి ఆయిల్ మీద నమ్మకం గాలిలోంచి పుట్టలేదు. అంబాసిడర్లకూ, పాత జీపులకూ 20డబ్ల్యూ-40, 20డబ్ల్యూ-50 ఆయిళ్లే సరైనవి. అరిగిన ఇంజన్ ఆయిల్ తినేస్తుంటే చిక్కటిది పోసి బోరు పనిని (అరిగిన సిలిండర్లను తొలిచి సరిచేయడాన్ని) మరో ఆరు నెలలు వాయిదా వేయడం మా వృత్తిలో పాత ఉపాయం. ఆముదాన్నే ఇంజన్ ఆయిల్‌గా వాడిన కాలం కూడా ఒకటుంది. తొలినాటి విమానాల్లోనూ పందెపు కార్లలోనూ దానిని పోసేవారు; క్యాస్ట్రాల్ అన్న పేరులో ఉన్నది ఆ ఆముదమే. ఆ ఇంజన్లకు అది తగినది, ఇప్పటి ఇంజన్లకు కాదు.

పల్చటి ఆయిళ్లు రావడానికి మైలేజీ నిబంధనలు కూడా ఒక కారణమన్న మాట నిజమే. మన దేశంలో కంపెనీల సగటు ఇంధన వినియోగానికి పరిమితి 2017-18 నుంచి అమలులోకి వచ్చి, 2022-23 నుంచి మరింత బిగిసింది. అయితే 20 గ్రేడు ఆయిల్‌ను 150 డిగ్రీల వేడిలో, బేరింగుల మధ్య నలిగే పరిస్థితిని కల్పించి పరీక్షించిన తరువాతే ఆ పేరు ఇస్తారు. అదీగాక, చాలా మాన్యువళ్లలో ఒకే గ్రేడు కాకుండా ఒక పట్టిక ఉంటుంది. 0డబ్ల్యూ-20తో పాటు 5డబ్ల్యూ-30ని కూడా అనుమతించే కార్లున్నాయి. అటువంటి కారులో ఐదుగురిని ఎక్కించుకుని, ఏసీ వేసుకుని, శృంగవరపుకోట నుంచి అనంతగిరి ఘాట్ రోడ్డును వారానికి నాలుగుసార్లు ఎక్కేవారికి నేను 5డబ్ల్యూ-30నే పోస్తాను. పట్టికలో లేని గ్రేడును మాత్రం ఎవరు అడిగినా పోయను.

అపోహ: గ్రేడు నంబరు కలిస్తే చాలు, ఏ డబ్బా అయినా ఒకటే.

నంబరు చిక్కదనాన్ని మాత్రమే చెబుతుంది. ఆయిల్‌లో కలిపే రసాయనాల సంగతి చెప్పేది దాని తరగతి. పెట్రోలు కార్లకు అమెరికా పెట్రోలియం సంస్థ ఏపీఐ ఇచ్చే ఎస్‌ఎన్, ఎస్‌పీ వంటి అక్షరాలుంటాయి. 2020 మేలో వచ్చిన ఎస్‌పీ తరగతికి, 2025 మార్చి చివరలో ఎస్‌క్యూ తోడయింది. ఈ వరుసలో కొత్తది పాతదానికి బదులుగా పనికివస్తుంది, పాతది కొత్తదానికి పనికిరాదు. చిన్న టర్బో పెట్రోలు ఇంజన్లలో తక్కువ వేగంలో గట్టిగా యాక్సిలరేటరు తొక్కినప్పుడు, స్పార్కుకు ముందే సిలిండరులో మంట అంటుకుని పిస్టన్లు పగిలే ప్రమాదం ఉంటుంది. ఇంజన్‌ను శుభ్రంగా ఉంచడానికి ఆయిల్‌లో కలిపే కాల్షియం రసాయనాలు ఎక్కువైతే ఆ ముప్పు పెరుగుతుందని తేలిన తరువాత, వాటిలో కొంత భాగాన్ని మెగ్నీషియంతో మార్చడం మొదలైంది. ఎస్‌పీ తరగతికి ఈ ముందస్తు మంట పరీక్షతో పాటు టైమింగ్ చైన్ అరుగుదల పరీక్ష కూడా ఉంది. కాబట్టి దుకాణంలో మూలన మిగిలిపోయిన, ఎస్‌ఎన్ కంటే పాతదైన ఎస్‌ఎల్ తరగతి 5డబ్ల్యూ-30 చవకగా వచ్చిందని టర్బో కారులో పోయడం బేరం కాదు.

డీజిల్ కార్ల విషయంలో ఈ తప్పును నేనే చేశాను. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 కాలుష్య నిబంధనలు వచ్చాక డీజిల్ కార్లకు పొగలోని మసిని పట్టే ఫిల్టరు వచ్చింది. ఆ కొత్తలో అటువంటి కారు ఒకటి వస్తే, చేతికి అలవాటైన, లారీలకు వాడే సీఐ-4 తరగతి 15డబ్ల్యూ-40ని పోసి పంపించాను. మాన్యువల్ తెరిచి చూడలేదు. రాత్రి బిల్లు రాస్తుండగా అనుమానం వచ్చి చూస్తే, అందులో ఏసీఈఏ సీ3 అని, అంటే ఐరోపా కార్ల కంపెనీల సంఘం పెట్టిన తక్కువ బూడిద తరగతి అని ఉంది. మరునాడు కారును వెనక్కి పిలిపించి, నా ఖర్చుతో ఆయిల్ మార్చాను. తేడా ఏమిటంటే, ఫిల్టరులో చేరిన మసిని కారు తనంతట తానే సుమారు 600 డిగ్రీల వేడిలో కాల్చుకుంటుంది, కాని ఆయిల్‌లోని లోహ రసాయనాలు కాలగా మిగిలే బూడిద కాలదు. అది ఫిల్టరులోనే పేరుకుపోతుంది. సీ2, సీ3 తరగతుల ఆయిళ్లలో ఆ బూడిద 0.8 శాతం మించకూడదన్న కట్టుబాటు ఉంది. లారీ ఆయిళ్లలో అంతకంటే ఎక్కువే ఉండవచ్చు. ఫిల్టరు మార్చవలసి వస్తే ఎన్నో ఏళ్ల ఆయిల్ ఖర్చు ఒక్క రోజులో పోతుంది.

అపోహ: డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే కడ్డీ) మీద ఆయిల్ పెరిగితే మంచిదే, తగ్గలేదు కదా.

నన్ను అన్నిటికంటే ఎక్కువ భయపెట్టేది ఈ మాట. ఇంజన్ తనంతట తాను ఆయిల్‌ను తయారుచేసుకోదు. మట్టం పెరిగిందంటే అందులో మరొకటి చేరుతోందని అర్థం. డీజిల్ కారు మసిని కాల్చుకునే సమయంలో ఫిల్టరును వేడి చేయడానికి అదనంగా ఇంధనం చిమ్ముతుంది. ఆ పని మధ్యలో ఇంజన్ ఆపేస్తే, ఆ డీజిల్‌లో కొంత పిస్టన్ల పక్క నుంచి కిందికి జారి ఆయిల్‌లో కలుస్తుంది. ఇంటి నుంచి మూడు లాంతర్ల కూడలి వరకూ, అక్కడి నుంచి ఆర్‌టీసీ కాంప్లెక్సు వరకూ మాత్రమే తిరిగే డీజిల్ కార్లలో ఇది పదేపదే జరుగుతుంది. అటువంటి కారు డిప్‌స్టిక్‌ను బయటకు లాగితే ఆయిల్ గరిష్ఠ గీతకు వేలెడు పైన ఉంటుంది, ముక్కు దగ్గర పెడితే డీజిల్ వాసన కొడుతుంది, చుక్క కాగితం మీద వేయగానే చుట్టూ పల్చటి వలయం పరుచుకుంటుంది. అప్పుడు కొంత ఆయిల్ తీసివేసి మట్టం సరిచేయడం పరిష్కారం కాదు, మొత్తం మార్చాలి. ఆ తరువాత వారానికి ఒకసారైనా శ్రీకాకుళం వైపు హైవే మీద అరగంట ఆపకుండా నడపమని చెబుతాను.

మట్టం గురించే మరొక మాట. మాన్యువల్‌లో ఆయిల్ ఫిల్టరుతో కలిపి 3.3 లీటర్లని ఉంటే, దుకాణంలో దొరికే డబ్బా 3.5 లీటర్లది. డబ్బుపెట్టి కొన్న ఆయిల్ మిగలకూడదని మొత్తం ఒంపించేవారున్నారు. మట్టం బాగా మించితే క్రాంకు షాఫ్టు ఆయిల్‌ను చిలికి నురుగు చేస్తుంది, గాలి బుడగలున్న ఆయిల్ బేరింగును మోయలేదు. చదునైన చోట కారు నిలిపి, ఇంజన్ ఆపి ఐదు నిమిషాలాగి చూస్తే, ఆయిల్ రెండు గీతల మధ్య ఉండాలి. మిగిలిన ఆయిల్ డబ్బాను మూత బిగించి డిక్కీలో పెట్టి ఇస్తాను.

అపోహ: కొత్త కారుకు వెయ్యి కిలోమీటర్లకే ఆయిల్ మార్చాలి.

చాలా కార్లకు ఆ మొదటి సర్వీసులో తనిఖీ మాత్రమే ఉంటుంది. ఎక్కువ పెట్రోలు కార్లకు మొదటి మార్పు 10,000 కిలోమీటర్లకు లేదా ఏడాదికి, ఏది ముందయితే అప్పుడు. వెయ్యికే మార్పిస్తే ఇంజన్‌కు నష్టమేమీ లేదు, ఖర్చు మాత్రం ఉంది. మా ఊళ్లో జరిగే తప్పు దీనికి సరిగ్గా తలకిందులుగా ఉంటుంది: ఏడాదికి నాలుగు వేలే తిరిగిందని రెండున్నరేళ్లు అదే ఆయిల్ ఉంచేస్తారు. దగ్గరి ప్రయాణాల్లో ఇంజన్ పూర్తిగా వేడెక్కక, లోపల చేరిన తేమ, పెట్రోలు ఆవిరైపోవు. అటువంటి కార్లకు తేదీయే కొలత.

మిగిలినవాటికి ఎక్కువ మాటలు అక్కరలేదు. ఆయిల్ నల్లబడితే పాడైనట్టు కాదు. మసిని తనలో పట్టి ఉంచడం దాని పని, డీజిల్ ఇంజన్‌లో కొద్ది వందల కిలోమీటర్లకే నల్లబడుతుంది. సీఎన్‌జీ కారులో ఆయిల్ తేనె రంగులో మెరుస్తూ ఉన్నా, గడువుకు మార్చవలసిందే. ఫుల్లీ సింథటిక్ పోస్తే ఇరవై వేలు ఆగవచ్చన్నది దుకాణదారు మాట. మాన్యువల్‌లోని గడువు సింథటిక్‌ను లెక్కలో పెట్టుకుని రాసినదే. దారిలో ఆయిల్ తగ్గితే అదే గ్రేడు, అదే తరగతి ఉన్న వేరే కంపెనీ ఆయిల్ అర లీటరు కలపవచ్చు, పాలు విరిగినట్టు విరగదు. ఆయిల్‌లో పైనుంచి కలిపే సీసా మందులను నేను అమ్మను. కారు ఆయిల్‌ను బైకులో పోయకండి. బైకు క్లచ్ ఆయిల్‌లోనే మునిగి ఉంటుంది, దానికి జపాన్ ప్రమాణమైన జాసో ఎంఏ గుర్తున్నది కావాలి.

వారంటీ ఉన్న కారుకు ఉచిత లేబరు సర్వీసులు మిగిలి ఉంటే, కంపెనీ సర్వీసు సెంటరుకే వెళ్లమని నా ఖాతాదారులకు నేనే చెబుతాను. బయట చేయించుకునేవారు వారంటీ షరతులను చదివి, గ్రేడు, తరగతి, లీటర్లు, ఫిల్టరు, తేదీ, మీటరు రీడింగు అన్నీ రాసిన బిల్లు తీసుకోవాలి. డబ్బా సీలును మీ కళ్ల ముందు తెరిపించుకోండి. ఖాళీ అయిన డబ్బాకు స్క్రూడ్రైవరుతో రెండు కన్నాలు పెట్టించి వెళ్లండి, ఎందుకంటే చెక్కుచెదరని ఖాళీ డబ్బాలకు నకిలీ ఆయిల్ నింపేవాళ్ల దగ్గర మంచి ధర పలుకుతుంది.

ఉపాధ్యాయుడి కారులో చివరికి 0డబ్ల్యూ-20 ఎస్‌పీ ఆయిల్, కొత్త ఫిల్టరు, డ్రెయిన్ నట్టుకు కొత్త వాషరు పడ్డాయి. ఆయన తెచ్చుకున్న డబ్బాను సీలు తీయకుండా తిరిగి తీసుకెళ్లారు. వాళ్ల అన్నగారి దగ్గర పాత జీపు ఉందట, దానికి అది సరిగ్గా సరిపోతుంది.