కందుకూరు వచ్చారు, కందుకూరి వారొచ్చారు

విజయనగరంలో తొమ్మిదో తరగతి చదువుతున్న మా అక్క కూతురు మొన్న ఫోన్లో అడిగింది. "మావయ్యా, వ్యాకరణం పుస్తకంలో ఎప్పుడూ రాముడే బడికి వెళ్తాడు, సీతే పాట పాడుతుంది. ఇంటిపేరున్నోళ్ళెవరూ బడికెళ్ళరా?" నవ్వేసి ఊరుకున్నాను గానీ ఆ పూటంతా అదే తొలిచింది.

ఇంటిపేరున్న వాక్యం మనకు లేకపోలేదు. "ఇంటిపేరు కస్తూరివారు, ఇల్లు గబ్బిలాల కంపు." ఇందులో కస్తూరి పక్కన 'వారు' ఎందుకుంది? ఒట్టి మర్యాదకేనా?

'ఇంటిపేరు' అన్న మాటనే విప్పి చూడండి. ఇల్లు కాస్తా ఇంటి అయింది. నోరు నోటి, చేయి చేతి, ఏరు ఏటి. (సిక్కోలు వాళ్ళు 'ఏమిటి'కి అనే 'ఏటి' వేరు.) ఒక నామం ఇంకో నామానికి ముందు నిలబడాలంటే ఇలా వేషం మార్చుకోవాలి. చిన్నయసూరి ఇ, టి, తి అని చెప్పిన ఔపవిభక్తికాలు ఇవే. ఊళ్ళ పేర్లు ఇంటిపేర్లైనప్పుడూ అదే జరిగింది. కందుకూరు కందుకూరి అయింది, వేమూరు వేమూరి అయింది. గుర్రం గుర్రపు అయినట్టే గన్నవరం గన్నవరపు అయింది. పిల్లలు బట్టీపట్టే పుంప్వాదేశం (చివరి 'ము' పోయి 'పు' రావడం) లాంటిదే ఇది.

అంటే ఇంటిపేరు పుట్టుకతోనే పక్కన ఇంకో మాట కోసం చూస్తుంటుంది. ఆ మాట వీరేశలింగం కావచ్చు, అబ్బాయి కావచ్చు, ఏదీ లేకపోతే 'వారు' కావచ్చు. "కందుకూరి వచ్చారు" అంటే "ఇంటి కూలింది" అన్నట్టుంటుంది. అదే "కందుకూరు వచ్చారు" అంటే ఎవరో ఆ ఊళ్ళో బస్సు దిగారు. ఒక్క అచ్చు మారితే మనుషులు ఊరైపోతారు!

మరి మన ఉత్తరాంధ్ర వైపు? కథల లైబ్రరీ 'కథానిలయం' పెట్టిన కాళీపట్నం రామారావు మాస్టారు లెక్కప్రకారం 'కాళీపట్నపు' కావాలి, కాలేదు. ఫిడేలు ద్వారం వెంకటస్వామినాయుడు గారూ 'ద్వారపు' కాలేదు. అందుకే "కాళీపట్నం వచ్చారు" అంటే మాస్టారొచ్చారో, ఎవరో ఆ పేరున్న ఊరొచ్చారో తేలదు. గురజాడ, గిడుగు అన్నవి ఎక్కడ పెట్టినా రూపం మారనివి. కాబట్టి "గురజాడ రాశాడు, గిడుగు వాదించాడు" అని విమర్శకులు సాఫీగా రాసుకుపోతారు. అదే గిడుగు 1863లో ముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టాడు. ఆ ఊళ్ళో మాట్లాడేటప్పుడు మాత్రం 'గిడుగు వారు' అనే అనాలి.

'వారు' అని బహువచనం ఎందుకంటే ఇంటిపేరు ఒక్కడిది కాదు, గుంపుది. పాణిని దగ్గరా ఈ లెక్కుంది. గర్గుడి వంశంలో ఒక్కడైతే గార్గ్యః, ఇద్దరైతే గార్గ్యౌ, అంతకు మించితే ప్రత్యయం రాలిపోయి గర్గాః. ఇక మేనకోడలి ప్రశ్నకొస్తే, చైనా వాళ్ళకు మన రాముడి స్థానంలో ఝాంగ్ సాన్, లీ సి ఉంటారు. ఝాంగ్, లీ ఇంటిపేర్లు. సాన్ అంటే మూడు, సి అంటే నాలుగు.

ఆన్‌లైన్ ఫారాల్లో 'లాస్ట్ నేమ్' దగ్గర ఇంటిపేరు పెట్టి, పేరు తలకిందులైతే నాకు "గోడ ఇంటి" అని చదివినట్టుంటుంది. న్యూమరాలజీ పేరుతో ఇంటిపేరులో ఇంకో 'ఏ' ఇరికించుకునేవాళ్ళకు ఇది పట్టదు లెండి.

మా మేనకోడలి క్లాసులో ముగ్గురు పైడిరాజులున్నారట. హాజరప్పుడు టీచరు వాళ్ళను ఉత్త ఇంటిపేర్లతోనే పిలుస్తారట. నియమం తప్పినట్టే కదా అని ఆలోచిస్తే, ఆ పిలుపులో క్రియే లేదు. అది వెనక బెంచీ నుంచి వస్తుంది: "ఉన్నానండీ!"