మూత తీయని బకెట్: కలిపి ఇచ్చే రంగులపై అపోహలు, వాస్తవాలు

పోయిన నెలలో ఒక రిటైర్డు మాస్టారు ఆటోలో పది లీటర్ల బకెట్ వేసుకుని మా షాపుకు వచ్చారు. "సీలు కూడా తీయలేదు బాబూ, వాపసు తీసుకుని డబ్బు ఇచ్చెయ్యి" అన్నారు. ఆయన తీయకపోవచ్చు గానీ, రంగు చుక్కలు వేయడానికి నేను తీశాను కదా! మూత మీద స్టిక్కరు చూస్తే లేత నిమ్మ రంగు, ఆయన పడకగది కోసం నా మిషనులోనే కలిపినది. మూడు వేలకు పైగా ఖరీదు. కంపెనీ వెనక్కి తీసుకోదు. ఇంకొకరికి అమ్ముదామంటే సరిగ్గా ఆ నిమ్మ రంగే కావాలనేవాడు మా ఊళ్లో ఇంకా పుట్టాలి.

ఇలాంటి బకెట్లు నెలకు రెండు మూడైనా వస్తాయి. ప్రతిసారీ అదే వాదన, అదే చిన్నబోయిన ముఖం. చెప్పి చెప్పి నోరు నొప్పి పుట్టి ఇది రాస్తున్నాను.

అపోహ: ఆర్డరు మీద కలిపి ఇచ్చే సరుకులో వ్యర్థం ఉండదు.

ఎం.బి.ఎ. చదువుతున్న మా మేనల్లుడు నా షాపు మీదే ప్రాజెక్టు రాశాడు. దీన్ని మాస్ కస్టమైజేషన్ అంటారట. ఎవరికి కావలసినది వారు అడిగాకే తయారవుతుంది కాబట్టి పర్యావరణానికి మేలట. వాడు రాసినదాంట్లో సగం నిజం. మా నాన్నగారి కాలంలో ప్రతి షేడూ ఫ్యాక్టరీ నుంచే కలిపి వచ్చేది. లీటరు, నాలుగు లీటర్లు, ఇరవై లీటర్లు అంటూ ఒక్కో రంగుకూ అన్ని సైజులూ ఉంచుకోవాలి. ఆడే షేడ్లు పదో పన్నెండో. మిగిలినవి ర్యాకుల్లోనే గడ్డకట్టేవి, నీళ్లతో కలిపే ఎమల్షన్ అయితే కుళ్లు వాసన పట్టేది. ఇప్పుడు నా దగ్గర నాలుగైదు రకాల బేస్‌లు (అంటే ఇంకా రంగు కలపని పెయింటు), మిషనులో డజనుకు పైగా రంగు ద్రవాలు ఉన్నాయి. షేడ్ కార్డులోని వెయ్యికి పైగా రంగులు వాటిలోంచే వస్తాయి. రంగు ఏదన్నది చివరి నిమిషంలో తేలుతుంది కాబట్టి అమ్ముడుపోని సరుకు దాదాపు లేదు.

వాడు రాయని సగం మీ ఇళ్లలో ఉంది. నా గోడౌనులో ఉండాల్సిన చెత్త మీ అటక ఎక్కింది. తెల్ల డబ్బా ఏ ఇంటికైనా పోతుంది. మిషనులో చుక్కలు పడ్డాక మాత్రం ఆ డబ్బాకు ఈ లోకంలో ఒకటే ఇల్లు. అవసరానికి మించి కలిపించుకుంటే మిగిలినదానికి దిక్కు లేదు. మరి మించి ఎందుకు కలిపించుకుంటారు?

అపోహ: ఈ షేడ్ మళ్లీ దొరకదు, ఎక్కువే తీసుకుందాం.

ఈ ఒక్క మాట దగ్గర జనం పోగొట్టుకునే డబ్బు ఇంకెక్కడా పోగొట్టుకోరు. భయం ఊరికే పుట్టలేదు లెండి, చేత్తో కలిపే చిక్కటి రంగుల, అదే స్టెయినర్ల, రోజుల నుంచి వచ్చింది. పెయింటరు తెల్ల డిస్టెంపరులో స్టెయినర్ పోసి, కర్రతో తిప్పి, గోడకు ఒక గీత పూసి, ఆరాక కళ్లు చిట్లించి చూసి ఇంకో నాలుగు చుక్కలు వేసేవాడు. ఆ రంగు రెండోసారి అతనికే కుదిరేది కాదు. మా పాత ఇంటి వరండాలో ఒక గోడకు సగం దూరం ఒక పచ్చ, అక్కడి నుంచి మరో పచ్చ. రెండూ కలిసే చోట మా అమ్మ ఏటా కొత్త క్యాలెండరు తగిలించేది.

మిషనుకు ఆ ఇబ్బంది లేదు. ప్రతి షేడ్‌కూ ఒక నంబరు, ప్రతి నంబరుకూ ఏ రంగు ద్రవం ఎంత పడాలో మిల్లీలీటరులో భాగాల దాకా లెక్క ఉంటుంది. మూత మీది స్టిక్కరును ఫోనుతో ఫొటో తీసి పెట్టుకోండి. షేడ్ నంబరు, పెయింటు పేరు, బేస్ తెలిస్తే చాలు, ఏడాది తర్వాత లీటరు డబ్బా అడిగినా కలిపి ఇస్తాను. గోడ ఎండకు వెలిసిపోయి ఉంటే అది వేరే సంగతి. బ్యాచ్ మారితే వెంట్రుకవాసి తేడా రావచ్చు, కాదనను. అందుకే గోడ మధ్యలో ఆపవద్దు, మూల దగ్గర ఆపాలి. మూలకు అటూ ఇటూ వెలుతురు ఎలాగూ వేరుగా పడుతుంది కాబట్టి ఆ తేడా ఎవరికీ కనిపించదు. లేదా పాత డబ్బాలో ఇంకా రంగు ఉండగానే కొత్తది తెచ్చి రెండూ ఒకే బకెట్లో కలిపేయండి.

మాస్టారి గది లెక్క వేసి చూపించాను. 12 అడుగులకు 10, ఎత్తు 10. నాలుగు గోడలూ కలిపి 440 చదరపు అడుగులు. తలుపూ కిటికీలూ తీసేస్తే 400. ఆ రకానికి రెండు పూతలకు లీటరుకు 60 చదరపు అడుగులు వస్తుంది. 7 లీటర్లు సరిపోతాయి. ఆయన కొన్నది రెండు బకెట్లు, 20 లీటర్లు! ఎవరు చెప్పారంటే పెయింటరు చెప్పాడన్నారు. డబ్బాల్లో పెయింటర్లకు డబ్బు తెచ్చిపెట్టే టోకెన్లు ఉంటాయన్నది బహిరంగ రహస్యమే. పండుగ రద్దీలో నేనూ గది కొలతలు అడగకుండా మిషను నొక్కేశాను, ఆ తప్పు నాదే.

మిగిలిన ఆ 13 లీటర్లలో తెలుపునిచ్చేది టైటానియం డయాక్సైడ్. కేరళలోని చవర తీరపు ఇసుకలోనూ, మన భీమునిపట్నం, శ్రీకాకుళం తీరాల ఇసుకలోనూ దొరికే ఇల్మెనైట్ లాంటి ఖనిజాల నుంచి దాన్ని తీస్తారు. పెయింటు తయారీలో శక్తిని ఎక్కువగా మింగే దినుసుల్లో అదే ముందుంటుంది. అంత శ్రమపడి తీసిన తెలుపు అటక మీద ఎండిపోతోంది.

అపోహ: ఏ రంగు ఎంచుకున్నా ఖర్చయ్యే పెయింటు ఒకటే.

ఒకటి కాదు. నిండు ఎరుపు, నిండు పసుపు రంగులకు వాడే బేస్‌లో ఆ తెలుపు దాదాపు ఉండదు. అందుకే రెండు పూతల్లో గోడను కప్పవు, ఒక్కోసారి నాలుగు పడతాయి. ఎరుపు కింద బూడిద రంగు కలిపిన ప్రైమర్ వేస్తే పూతలు తగ్గుతాయి.

అపోహ: ఫోనులో చూసిన రంగే గోడ మీద వస్తుంది.

రాదు. ఫోను తన వెలుగుతో తానే మెరుస్తుంది, గోడ మీ ట్యూబులైటును బట్టి ఉంటుంది. పైగా ఎమల్షన్ తడిగా ఉన్నప్పుడు లేతగా కనిపించి, ఆరాక ముదురుతుంది. శాంపిల్ డబ్బా కొని గోడ మీద రెండు చోట్ల పూసి, పగలూ రాత్రీ చూడండి. కంగారుపడి రంగు మార్చడం అంటే మొదటి బకెట్ మొత్తం పారేయడమే.

అపోహ: మిషను రంగుల్లో సీసం కలుపుతారు.

వాట్సాప్‌లో తిరిగే చెత్త. ఇళ్ల పెయింట్లలో సీసం పది లక్షల భాగాలకు 90 మించకూడదని 2016లో కేంద్రం నిబంధనలు తెచ్చింది, 2017 నవంబరు నుంచి అవి అమల్లో ఉన్నాయి. ఫ్యాక్టరీలో కలిపినా షాపులో కలిపినా పరిమితి అదే. కానీ కూతురు పురిటికి వస్తోందని గదికి రంగులు వేయించే అమ్మలు అడిగితే విసుక్కోను. వాళ్లకు నేను చెప్పేది వేరు: భయపడాల్సింది పాత ఎనామిల్‌లోని సీసం గురించి. పాత తలుపులను పొడిగా గీకి దుమ్ము లేపనివ్వకండి, తడిపి రుద్దించండి. వాసన తక్కువ రకం కొంటుంటే అందులో కలిపే రంగు ద్రవం కూడా అలాంటిదేనా అని అడగండి. బేస్ మంచిదైనా రంగు ద్రవంలో ఆవిరయ్యే రసాయనాలు ఉండవచ్చు.

మిగిలిన ఎమల్షన్‌ను కాలువలో పోయకండి, ఇసుకో రంపపు పొట్టో కలిపి ఆరనివ్వండి. 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనలు పారేసిన పెయింటు డబ్బాలను ఇంటి ప్రమాదకర వ్యర్థాల్లోనే చేర్చాయి.

మాస్టారి బకెట్‌ను చివరికి నేనే ఉంచుకున్నాను, ఆయనకు సగం డబ్బు ఇచ్చాను. మా కుర్రాడు పొరపాటున వేరే బేస్‌లో కలిపిన డబ్బాల పక్కన, మూలన ఉంది. లేత నిమ్మ రంగు, ఇంటి లోపలి గోడలకు, పది లీటర్లు, సగం ధర. పిట్టగోడకు వేస్తానంటే మాత్రం ఇవ్వను, మొదటి వానకే వచ్చి నన్ను తిడతారు.