పురస్కారం తీసుకుంటే ఆసరా పోతుందా: 1988 నుంచి తేలని వివాదం

వైకల్యం, పునరావాస రంగాల పరిశోధకులకు ఇచ్చే పురస్కారాల మీద అమెరికాలో వాదన మళ్లీ రాజుకుంది. ఎంపిక సంఘాల్లో ఎవరు ఉండాలి, ఎవరి కృషికి గుర్తింపు దక్కాలి అన్న ప్రశ్నలు ఎప్పటినుంచో ఉన్నవే. వాటికంటే తక్కువగా చర్చకు వచ్చే ప్రశ్న మరొకటి ఉంది. ప్రభుత్వ ఆసరా మీద ఆధారపడిన వికలాంగ పరిశోధకులు నగదు బహుమతిని నిర్భయంగా అందుకోగలరా? రెండో ప్రపంచ యుద్ధం తర్వాత పునరావాస వైద్యం ఎదిగిన తీరు, 1973 నాటి పునరావాస చట్టం, దాని అమలు కోసం 1977లో సాగిన బైఠాయింపులు చాలామందికి తెలిసిన చరిత్రే. నేటి పేచీ అర్థం కావాలంటే మాత్రం 1988 అక్టోబరులో లాస్ ఏంజెలెస్ ఫెడరల్ భవనం ముందు జరిగిన నిరసన దగ్గరికి వెళ్లాలి.

ఆ రోజు చరిత్రకారుడు పాల్ లాంగ్‌మోర్ తన మొదటి పుస్తకాన్ని అక్కడ బహిరంగంగా తగలబెట్టారు. చిన్నతనంలో సోకిన పోలియో వల్ల ఆయన చేతులు దాదాపుగా పనిచేసేవి కావు, ఊపిరి తీసుకోవడానికి వెంటిలేటర్ అవసరమయ్యేది. నోట పట్టుకున్న పెన్నుతో కీబోర్డు మీద ఒక్కొక్క మీట నొక్కుతూ, జార్జ్ వాషింగ్టన్ మీద రాసిన ఆ పుస్తకాన్ని పూర్తి చేయడానికి ఆయనకు పదేళ్లు పట్టింది. 1984లో డాక్టరేట్ అందుకున్న ఆ పండితుడు తన ఇంట్లో తాను ఉంటూ పరిశోధన సాగించాలంటే వెంటిలేటర్‌కూ సహాయకులకూ అయ్యే ఖర్చు ప్రభుత్వ పథకాల నుంచే రావాలి. ఆ పథకాల నిబంధనలేమో పుస్తకంపై వచ్చే రాయల్టీని, పరిశోధనకు ఇచ్చే ఫెలోషిప్పును శ్రమతో సంపాదించని ఆదాయంగా లెక్కగట్టాయి. అంటే పదేళ్ల కష్టానికి ప్రతిఫలంగా కాస్త డబ్బు వస్తే, ఆయనను బతికిస్తున్న సాయానికే ఎసరు వచ్చే పరిస్థితి. అందుకే ఆ పుస్తకానికి ఆయన నిప్పు పెట్టారు.

ఇక్కడ ప్రభుత్వం వాదన కూడా చెప్పుకోవాలి. సప్లిమెంటల్ సెక్యూరిటీ ఇన్‌కమ్, క్లుప్తంగా ఎస్ఎస్ఐ, ఏ ఆధారమూ లేని పేదలకోసం పెట్టిన పథకం కనుక చేతికందే ప్రతి డాలరునూ లెక్కలోకి తీసుకోవాలన్నది అధికారుల మాట. పైగా వికలాంగులు పనిచేస్తే నష్టపోకూడదని 1980లో సామాజిక భద్రతా చట్టంలో ప్రయోగాత్మకంగా తెచ్చిన 1619 సెక్షన్‌ను 1986లో శాశ్వతం చేశారు కూడా. అయితే ఆ వెసులుబాటు జీతానికి వర్తించింది, రచనకు వర్తించలేదు. నెలజీతం తీసుకునే ఉద్యోగే పనిమంతుడని, ఇంట్లో కూర్చుని గ్రంథం రాసేవాడు ఊరికే డబ్బు పుచ్చుకుంటున్నాడని ఆ నిబంధన చెప్పినట్టయింది. పండితుల విషయంలో ఇంతకంటే అన్యాయమైన విభజన ఉండదు.

నిరసన ఫలించింది. 1990లో చేసిన చట్టసవరణతో, 1991 డిసెంబరు నుంచి ప్రచురణల రాయల్టీలు, చేసిన సేవకు ఇచ్చే గౌరవ పారితోషికాలు సంపాదిత ఆదాయం కిందికి వచ్చాయి. బహుమతులు మాత్రం ఆ జాబితాలోకి రాలేదు. నేటి వివాదమంతా ఈ లోటు చుట్టూనే తిరుగుతోంది.

దీని ప్రభావం ఒక చిన్న లెక్కలో తెలుస్తుంది. 2025లో ఒంటరి వ్యక్తికి ఎస్ఎస్ఐ కింద ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చే గరిష్ఠ మొత్తం నెలకు 967 డాలర్లు. వేరే ఆదాయమేదీ లేని ఒక పరిశోధకురాలికి వృత్తి సంఘం 1,000 డాలర్ల బహుమతి ఇచ్చిందనుకుందాం. అందులో 20 డాలర్లు మినహాయించి మిగిలిన 980 డాలర్లనూ లెక్కలోకి తీసుకుంటారు కనుక ఆ నెల ఫెడరల్ సాయం సున్నా అవుతుంది. అదే 1,000 డాలర్లను ఆమె చేసిన ప్రసంగానికి పారితోషికంగా ఇస్తే, 85 డాలర్లు తీసేశాక మిగిలినదానిలో సగం, అంటే 457.50 డాలర్లు మాత్రమే లెక్కకొస్తాయి, 509.50 డాలర్ల సాయం నిలుస్తుంది. బహుమతి సొమ్ము ఖర్చు కాకుండా మరుసటి నెలకు మిగిలితే అది ఆస్తిగా మారుతుంది. ఒంటరి వ్యక్తికి ఆస్తి పరిమితి 2,000 డాలర్లు, 1989 నుంచి అది పెరగలేదు. చాలా రాష్ట్రాల్లో పేదలకు ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా అయిన మెడికెయిడ్ అర్హత ఎస్ఎస్ఐతో ముడిపడి ఉంటుంది. జీతం వల్ల ఎస్ఎస్ఐ ఆగిపోయినవారికి మెడికెయిడ్‌ను కొనసాగించే 1619 సెక్షన్, బహుమతి వల్ల ఆగినవారిని ఆదుకోదు.

పరిశోధన నాణ్యతను గుర్తించడమే తమ బాధ్యత, గ్రహీత ఆర్థిక స్థితిని ఆరా తీయడం తమ పని కాదు అన్నది పురస్కారాలిచ్చే సంఘాల వైపు వాదన. ఈ రంగంలో గుర్తింపు మొదట ఎవరికి దక్కిందో చూస్తే ఆ ధోరణికి మూలం కనిపిస్తుంది. 1960లో వైద్య రంగంలో ఇచ్చే లాస్కర్ అవార్డు అందుకున్న మేరీ స్విట్జర్ పునరావాస పరిశోధనకు ప్రభుత్వ నిధులు రాబట్టిన సమర్థురాలైన అధికారి, ఆమె పేరిట నేటికీ ఫెలోషిప్పులు ఇస్తున్నారు. గ్రహీతకు ఉద్యోగం, బీమా ఉంటాయన్నది ఆ తరంలో ఎవరూ ప్రశ్నించని ఊహ. 1984లో వికలాంగుల హక్కుల ఉద్యమ నేత ఎడ్ రాబర్ట్స్‌కు, 1989లో చక్రాల కుర్చీల రూపకర్త రాల్ఫ్ హాచ్‌కిస్‌కు మెక్‌ఆర్థర్ ఫెలోషిప్పులు వచ్చినప్పటికి గ్రహీతలు మారారు, ఆ తర్వాత వైకల్య అధ్యయనాల్లో కొత్త పండితులకు సమాజశాస్త్రవేత్త ఇర్వింగ్ జోలా పేరిట పురస్కారం కూడా ఏర్పడింది. ఆ ఊహ మాత్రం మారలేదు. లాంగ్‌మోర్‌కు 2005లో హెన్రీ బెట్స్ అవార్డు వచ్చింది. అప్పటికే ఆయన శాన్‌ఫ్రాన్సిస్కో స్టేట్ యూనివర్సిటీలో స్థిరపడిన ప్రొఫెసర్. ఆ జీతం లేని కొత్త పరిశోధకులకే నేడు చిక్కు వస్తోంది.

2004 సవరణ ఫెలోషిప్పులో చదువు ఖర్చులకు కేటాయించిన సొమ్మును తొమ్మిది నెలలపాటు ఆస్తిగా లెక్కించకుండా చేసింది, కానీ ఫెలోషిప్పులో తిండికీ ఇంటికీ వాడుకున్న భాగం ఇంకా ఆదాయమే. వికలాంగులు ఆసరా పోకుండా డబ్బు దాచుకోవడానికి 2014లో వచ్చిన ఏబుల్ ఖాతాలకు అర్హతను, 26 ఏళ్లలోపు వైకల్యం వచ్చినవారి నుంచి 46 ఏళ్లలోపు వచ్చినవారికి 2026 జనవరి నుంచి విస్తరించారు. గ్రహీత బహుమతిని ఆ ఖాతాలో వేసుకున్నా, చేతికందిన నెలలో అది ఆదాయం కాకుండా పోదు. చెక్కు రాయడానికి ముందే గ్రహీతతో మాట్లాడి, ఆమె నిజంగా ప్రసంగించే సందర్భంలో ఆ మొత్తాన్ని పారితోషికంగా ఇవ్వడం సంఘాలు ఇప్పుడే చేయగలిగిన పని. చట్టసభ చేయాల్సింది కూడా పెద్దదేమీ కాదు. 1990లో రాయల్టీలను, పారితోషికాలను చేర్చిన జాబితాలో వృత్తిపరమైన పురస్కారాలను కూడా చేర్చాలి.