చేతి వణుకు తగ్గింది, మాట ఎందుకు తగ్గింది?

పార్కిన్సన్స్ అనే మెదడు జబ్బు ఉన్నవారికి డీబీఎస్ (డీప్ బ్రెయిన్ స్టిమ్యులేషన్) ఆపరేషన్ చేస్తే మెదడు లోతుల్లోకి సన్నని తీగలు దించి, ఛాతీ చర్మం కింద అమర్చిన బ్యాటరీతో కరెంటు అందిస్తారు. చేయించుకున్నవారు కొన్నాళ్లకు స్పీచ్ థెరపిస్టునైన నా దగ్గరికి వస్తారు. వారితోపాటు ఈ అపోహలూ వస్తాయి.

అపోహ: చేయీ కాలూ బాగుపడితే గొంతూ బాగుపడుతుంది.

ఈ పద్ధతి 1987లో ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో న్యూరోసర్జన్ బెనబీద్ బృందంతో, వణుకు తగ్గించడం కోసం మొదలైంది. ఇప్పుడు ఎక్కువగా తీగ దించే చోటు సబ్‌థాలమిక్ న్యూక్లియస్ అనే చిన్న నరకణాల ముద్ద. దానివల్ల వణుకు, బిగుతు, కదలికల్లో మందకొడితనం బాగా తగ్గుతాయి. మాటకు ఆ హామీ లేదు. కొందరికి గొంతు కాస్త పెరుగుతుంది, కొందరికి ఉన్న స్పష్టతా పోతుంది. ముందునుంచే మాట ముద్దగా ఉన్నవారికి ఈ ముప్పు ఎక్కువ. అందుకే ఆపరేషనుకు ముందే మాటను పరీక్షించి రికార్డు చేయమని పోరుతుంటాను.

అపోహ: మాట ముద్దయిందంటే ఆపరేషన్ చెడిపోయినట్టే.

తొందరపడకండి. ఆ న్యూక్లియస్ పొడవు సుమారు ఒక సెంటీమీటరు. దాన్ని ఆనుకునే పెదవులకు, నాలుకకు, గొంతుకు ఆజ్ఞలు మోసే నరాల కట్ట వెళ్తుంది. మడికి పెట్టిన నీరు గట్టు దాటి పక్క పొలంలోకి పోయినట్టు, కరెంటు అటు పొర్లితే నాలుక బిగుస్తుంది. వణుకు ఇంకా తగ్గాలని కరెంటు పెంచుకుంటూ పోయేవారికి నేను చెప్పేది ఇదే. న్యూరాలజిస్టు కరెంటు తగ్గించవచ్చు, తీగ మీద వేరే బిందువు ఎంచుకోవచ్చు, కరెంటు తట్టే వేగాన్ని 130 హెర్ట్జ్ (సెకనుకు 130 సార్లు) నుంచి 60కి దించి చూడవచ్చు. ఒక్కోసారి నడకకు నప్పిన సెట్టింగు నాలుకకు నప్పదు. అప్పుడు ఏది ముఖ్యమో రోగినే అడగాలి. జబ్బు ముదరడం వల్లా మాట తగ్గుతుంది కాబట్టి పాత రికార్డు ఇక్కడ అక్కరకొస్తుంది.

అపోహ: మాటలకు తడుముకుంటున్నారు, మతి పోతోంది.

నిమిషంలో ‘క’తో మొదలయ్యే మాటలు చెప్పమంటే, ఆపరేషన్ తర్వాత చాలామందికి లెక్క తగ్గుతుంది. డీబీఎస్‌కు ఇది తెలిసిన దుష్ప్రభావమే. దీన్ని బట్టే మతిమరుపు జబ్బని తేల్చేయకూడదు.

అపోహ: “గట్టిగా మాట్లాడు” అని గుర్తుచేస్తే చాలు.

రోగికి తాను అరుస్తున్నట్టే ఉంటుంది! తన గొంతును తాను కొలుచుకునే శక్తే ఈ జబ్బులో దెబ్బతింటుంది. గొంతు పెంచి మాట్లాడించే ఎల్‌ఎస్‌వీటీ లౌడ్ అనే సాధనలో వారానికి 4 రోజులు, 4 వారాలు, రోజుకు గంట చొప్పున ఆ కొలతను మళ్లీ అలవాటు చేయిస్తాం. డీబీఎస్ ఉన్నవారికి ఫలితం అందరికీ ఒకేలా ఉండదు. మాట పరుగెత్తేవారికి గొంతు పెంచడంకన్నా వేగం తగ్గించడమే ముందు.

తెలుగువారికి ఇంకో చిక్కుంది. వాక్యం చివరికి వచ్చేసరికి ఈ జబ్బున్నవారి ఊపిరి, గొంతు రెండూ సన్నగిల్లుతాయి. మన క్రియ, ‘కాదు, లేదు, వద్దు’లు ఉండేదీ అక్కడే. ఒక పెద్దాయన “నాకు పెరుగన్నం వద్దు” అంటే ఇంట్లోవాళ్లకు “పెరుగన్నం” దాకే వినిపించి, రోజూ వడ్డించేవారట. ఆయనతో ముందు ‘వద్దు’ సాధన చేయించాను, ఊపిరి నిండా పీల్చుకుని.